పదకొండు యాంటెనాలు

మోరిస్ యెల్లప్ప చూపు పోవడంలో నా సంతకం కూడా ఒకటి ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే చివరికి వచ్చేసరికి నన్ను నేను వెనకేసుకొస్తున్నానని మీకు అనిపించవచ్చు.

నేను కంటి డాక్టర్ని. పేరు ఇందిరాదేవి, ఊరు కాకినాడ. 1995 మొదట్లో డర్బన్‌లో ఒక ప్రభుత్వాసుపత్రికి ఉద్యోగం మీద వచ్చాను. ఆ దేశంలో అందరూ కలిసి ఓట్లు వేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తెల్ల డాక్టర్లు ఒక్కొక్కరే ప్రైవేటు ఆసుపత్రులకో ఆస్ట్రేలియాకో సర్దుకుంటుంటే, ఆ కుర్చీల్లోకి మా బోటివాళ్ళను పిలుచుకున్నారు. మా విభాగంలో వరండా నిండా రోగులు, లేజర్ మిషన్ మాత్రం ఒక్కటే. దాని దగ్గర వంతు తప్పిపోతే మళ్ళీ వంతు రావడానికి ఆరు వారాలు పట్టేది. ఈ కథంతా ఆ ఆరు వారాల్లోనే ఉంది.

అక్కడ నాకో పిచ్చి ఉండేది. కార్డు మీద అప్ప అనో అమ్మ అనో ముగిసే పేరు కనిపిస్తే చాలు, తెలుగులో పలకరించేసేదాన్ని. చెరుకు కొట్టడానికి గోదావరి నుంచీ విశాఖ నుంచీ ఓడలెక్కి వచ్చినవాళ్ళ మునిమనవలు వాళ్ళంతా. నూటికి తొంభైమంది తెల్లమొహం వేసి, ఇంగ్లీషులో చెప్పమనేవాళ్ళు. జూన్‌లో వచ్చిన మోరిస్ మాత్రం కాసేపు ఆలోచించి జవాబిచ్చాడు.

"కొంచెం వస్తాది అమ్మా. మా అవ్వ మాట్లాడేది. తిట్లు అయితే అన్నీ వస్తాది."

యాభై ఏడేళ్ళ మనిషి. సన్నగా, నీటుగా, ఇస్త్రీ మడత చెడని చొక్కాలో ఉండేవాడు. కుడికన్ను అప్పటికే షుగర్ జబ్బుకి పోయింది. ఎడమకంటితో నా కోటుకి తగిలించిన గుర్తింపు కార్డుని దగ్గరగా చూసి, ఈ ఫోటోలో మీ చెంపమీద మచ్చ ఎవరో తుడిచారు, తుడిచినవాడికి పని రాదు అని చెప్పాడు. నిజమే. అది కాకినాడలో పెళ్ళిచూపుల కోసం తీయించిన ఫోటో. స్టూడియోవాడు మా అమ్మ మాట మీద మచ్చ తీసేశాడు. నాకు నవ్వాగలేదు. ఆ రోజు నుంచి ఆయన్ని బాబాయీ అని పిలిచాను.

ఆయన ఎడమకంట్లో కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తున్నాయి. సన్నటివి, బలం లేనివి. ఎప్పుడైనా చిట్లి కంటి లోపల నెత్తురు నిండిపోవచ్చు. లేజర్‌తో ఆపాలి. ఆ మాట చెప్పి, ఆగస్టులో వంతు రాయించి, కంట్లో చుక్కలు వేసి చీకటి గదిలో కూర్చోబెట్టాను. కంటిపాప విచ్చుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఏమీ కనపడకుండా ఊరికే కూర్చోబెడితే ఎంతటి ముంగి అయినా నోరు విప్పుతాడు. మోరిస్ జీవితం నాకు మూడు నాలుగు విడతల్లో ఆ చీకటి గదిలోనే, సగం తెలుగు సగం ఇంగ్లీషులో తెలిసింది.

ఆయన పని టచింగ్. మన ఊళ్ళ స్టూడియోల్లో కూడా ఆ మాటే అంటారు: ఫోటోల మీద మచ్చలు, గీతలు, మొటిమలు తీసేసే పని. మొదట్లో నలుపు తెలుపు పెళ్ళి ఫోటోలకి చేత్తో రంగులు వేసేవాడు. పెగ్గీ పరిచయమైంది కూడా అలాగే. వాళ్ళక్క పెళ్ళి ఫోటోలో వెనక వరసలో నవ్వుతూ నిలబడ్డ పెగ్గీ పంటిసందుని ఈయన తన తెలివికొద్దీ పూడ్చేశాడు. నా పంటిసందు నాకిచ్చేయమని ఆవిడ స్టూడియోకి వచ్చి పోట్లాడింది. ఏడాది తిరక్కుండా పెళ్ళి. ఇంట్లో కూడా బల్లగుడ్డ మీద మరక కనపడితే ఈయనకి అన్నం దిగదని ఆవిడ దెప్పేది.

డర్బన్ ఊరి మధ్యలో మిస్టర్ కోలిన్ అనే తెల్లాయన స్టూడియోలో మోరిస్ ఇరవై ఎనిమిదేళ్ళు చేశాడు. కింద పెళ్ళిళ్ళు, స్కూలు పిల్లల ఫోటోలు. పైన తాళం వేసిన గది. ఆ గదిలో ఆయన చేసింది వైమానిక దళం పని. మిస్టర్ కోలిన్ ఆకాశంలో ఒక విమానంలో కూర్చుని, పక్కనే ఎగిరే ఇంకో విమానాన్ని ఫోటో తీసేవాడు. ఆ ఫోటోలు పైగదిలో మోరిస్ బల్ల మీదకి వచ్చేవి.

యుద్ధ విమానమంటే నాకు బాంబులు గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదట. నాలుగు ఇంజన్ల పెద్ద జెట్టు. దానికి ఒళ్ళంతా చెవులే. శత్రువుల రాడార్లనీ రేడియోలనీ వింటుంది, అవసరమైతే రొద పెట్టి అవి పనిచేయకుండా చేస్తుంది. ఆ చెవులు పదకొండు యాంటెనాలు. ముక్కు కింద ఒకటి, పొట్ట కింద ఆరు, పక్కలకి చెరి రెండు. యాంటెనా పొడవూ ఆకారమూ చూస్తే అది ఏం వింటుందో తెలిసినవాడు పసిగట్టేస్తాడు. అందుకని ప్రింటు మీద ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టి పంపేవాళ్ళు. సున్నా చుట్టిన ప్రతిదాన్నీ మోరిస్ బ్లేడుతో గీకి, సన్నటి బ్రష్‌తో రంగు అద్ది, విమానం పొట్ట నున్నగా చేయాలి. ఆ ప్రింటుని మళ్ళీ ఫోటో తీసి క్యాలెండర్లకీ ఆఫీసు గోడలకీ వాడుకునేవాళ్ళు. అంత దాచుకునేదానికి అసలు ఫోటో ఎందుకని అడిగాను.

"అందరికీ చూపియ్యాల. ఏమీ కనపడకూడదు," అన్నాడు.

ఇండియన్ కాబట్టి ఆయన్ని వైమానిక స్థావరం గేటు దాటనిచ్చేవాళ్ళు కారు. కవరు గేటు దగ్గర ఇచ్చి రావడమే. తన చేత్తో అన్నేళ్ళు శుభ్రం చేసిన విమానాన్ని ఆయన దగ్గర నుంచి ఒక్కసారీ చూడలేదు. ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాడు, చెప్పలేదు. ఆ తాళం వేసిన పైగదిలో ఎవరైనా ఆడమనిషి ఉందేమోనని పెగ్గీకి కొన్నేళ్ళు అనుమానం. ఫోటోల కింద పేరు మాత్రం ఎప్పుడూ మిస్టర్ కోలిన్‌దే.

నేను కాస్త కటువుగానే అడిగాను, ఆ విమానాలు ఎవరి మీదకి వెళ్ళేవో తెలుసా అని. తెలుసన్నాడు. సరిహద్దు అవతల, ఈ దేశపు నల్లవాళ్ళ పక్షాన నిలబడ్డవాళ్ళ మీదకే. కూతురు శాంటెల్ డర్బన్ శివార్లలో, ఫీనిక్స్‌లో టీచరు. ఎనభైల్లో ఊరేగింపులకెళ్ళి పోలీసు దెబ్బలు తిన్న పిల్ల. రాజ్యం మారి, ఇక నోరు విప్పవచ్చని ధైర్యం వచ్చాక, ఆ ఏడు ఆయన మొదటిసారి కూతురికి చెప్పాడు. ఆమె పిల్లల్ని తాత ఇంటికి తీసుకురావడం మానేసింది.

"పని బాగ చేసినా అమ్మా. అదే నా తప్పు," అని చీకట్లో అన్నాడు. జాలి పడాలో కోప్పడాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆయన మాటల్లో పదే పదే వచ్చేది మాత్రం మిస్టర్ కోలిన్ తొందరపాటు. ఆకాశంలో రెండు విమానాలూ కదులుతూనే ఉంటాయి, వాటి మీద ఎండ మారుతూనే ఉంటుంది. అర సెకను ఓపిక పడితే జెట్టు కొంచెం ఒరుగుతుంది, పొట్ట నీడలోకి పోతుంది, విమానం తోమిపెట్టిన గిన్నెలా శుభ్రంగా కనిపిస్తుంది. మిస్టర్ కోలిన్ ఆగేవాడు కాదు, ఠక్కున నొక్కేసేవాడు. ఆయన ఆగి ఉంటే ఈయనకి సగం గీకుడు తప్పేది. పైగదిలో ఆ బల్ల దగ్గర కూర్చుని, ఇదిగో ఇక్కడ ఆగాల్సింది, ఇదిగో ఇక్కడ ఆగాల్సింది అని తిట్టుకుంటూ గీకాడట ఇరవై ఎనిమిదేళ్ళూ. పని మీద ఆయనకున్న ఫిర్యాదు అదొక్కటే.

తొంభై మూడులో మిస్టర్ కోలిన్ స్టూడియో అమ్మేసి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి వెళ్ళిపోయాడు. కొన్నది రాజెన్ అని రైస్‌థార్ప్ నుంచి వచ్చిన వ్యాపారి. మోరిస్‌ని ఉంచుకున్నాడు గానీ పైగదిలో ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలే. అలాంటిది జూలై చివర్లో స్థావరం నుంచి ఒక మేజర్ ఫోన్ చేశాడు. ఆ జెట్టుని ఆ ఏడాదితో పక్కన పెట్టేస్తున్నారు. వీడ్కోలు పుస్తకం వేస్తున్నారు. అందులోకి ఆకాశంలో తీసిన ఆఖరి ఫోటో ఒకటి కావాలి. ఇక దాచేదేమీ లేదు గనక ఈసారి యాంటెనాలు బాగా కనపడాలి. మిస్టర్ కోలిన్ దేశంలో లేడని రాజెన్ చెబుతుండగానే, ఎన్నడూ ఎవరికీ ఎదురుచెప్పని మోరిస్ ఫోన్ లాక్కుని, నేను తీస్తాను అన్నాడట. మేజర్‌కి సంబరమైంది. నిన్నటిదాకా గేటు దగ్గర ఆపేసిన మనిషిని ఇవాళ పైకి తీసుకెళ్తున్నామని చెప్పుకోవడం ఆ రోజుల్లో అందరికీ ముచ్చటగా ఉండేది. కాకపోతే కంటి డాక్టర్ సర్టిఫికెట్ కావాలన్నాడు.

మోరిస్ లేజర్ వంతు ఆగస్టులో ఒక మంగళవారం. విమానం ఎగిరేది అదే వారం గురువారం. లేజర్ చేసిన కన్ను కొన్నాళ్ళు మసకేసి ఉంటుంది, దాంతో ఫోటో తీయలేడు. స్థావరం వాళ్ళకి రోజు మార్చడం కుదరదు. మంగళవారం వదులుకుంటే మళ్ళీ వంతు ఆరు వారాల తర్వాతే.

ఆయన కన్నా ముందు పెగ్గీ వచ్చింది. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు మిషన్ కుట్టిన మనిషి. గ్రీన్‌వుడ్ పార్క్‌లో వాళ్ళింటి నుంచి ఆయనకి తెలియకుండా రెండు బస్సులు మారి వచ్చింది. నన్ను పాపా అని పిలిచేది, నేను పిన్నీ అనేదాన్ని. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వు సైన్ చేయొద్దు పాపా. నువ్వు నో అంటే వింటాడు. నేను అంటే వినడు. ఫోటో లేకపోతే ఏమవుతాది? కన్ను లేకపోతే నేను ఏం చేయాల?"

చూస్తానన్నాను. డాక్టర్లు ఆ మాట ఎప్పుడంటారో మీకూ తెలుసు.

మర్నాడు మోరిస్ వచ్చాడు. నేను ఏదీ దాచకుండా చెప్పాను. ఈ ఆరు వారాల్లో నాళం చిట్లవచ్చు, చిట్లకపోవచ్చు, చిట్లితే ఆ కన్ను కూడా పోవచ్చు. ఉన్నది ఆ ఒక్కటే అని కూడా చెప్పాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాడు.

"అమ్మా, నేను అన్నీ తుడిసినా. ఒక్కటీ చేయలేదు. ఒక్క ఫోటో, నా కన్నుతో, కింద నా పేరు. తర్వాత లేజర్ చెయ్యి. కాల్చు, ఏమన్నా చెయ్యి."

నేను సంతకం పెట్టాను. ఎడమకన్ను చూపు సరిపోతుంది, కెమెరా వాడగలడు అని రాశాను. రాసిందంతా నిజమే. రక్తనాళాల సంగతి ఫారంలో ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు. మంగళవారం వంతు టోంగాట్ నుంచి వచ్చిన ఒక ముసలామెకి ఇచ్చేశాను. అదంతా జాలితో చేశానని అప్పుడు అనుకున్నాను. పూర్తి నిజం అది కాదు. ఒక మనిషి ఇరవై ఎనిమిదేళ్ళ చాకిరీకి నా చేతుల మీదుగా న్యాయం జరుగుతోందని మురిసిపోయాను. ఆ దేశం మారుతుంటే, వచ్చి ఏడాదైనా కాని నేను కూడా అందులో ఒక చెయ్యి వేశాననిపించుకోవాలని నాకు ఉబలాటం. పోతే పోయేది ఆయన కన్ను, మోయాల్సింది పెగ్గీ. ఆ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, వరండాలో రోగులు వరసకట్టి ఉండగానే, మోరిస్ నా గది తలుపు తోసుకుని వచ్చాడు. మెడ పక్కన బెల్టు ఒరుసుకున్న ఎర్రటి చార. మాట మాటకీ లేచి నిలబడుతున్నాడు. పాత డకోటా విమానం ఒకటి, దానికి తలుపు పీకేసి, ఆ గుమ్మంలో ఆయన్ని బెల్టులతో కట్టి కూర్చోబెట్టారట. డకోటా ఎంత వేగంగా పోగలదో అంత వేగంగా పోయింది. జెట్టు ఎంత నెమ్మదిగా ఎగరగలదో అంత నెమ్మదిగా వచ్చి పక్కన చేరింది. అంతకన్నా నెమ్మదిస్తే పడిపోతుందట. అలా కొద్ది నిమిషాలు పక్కపక్కన ఎగిరి, జెట్టు ముందుకెళ్ళిపోయి, చుట్టు తిరిగి మళ్ళీ వచ్చేది. మొత్తం మూడుసార్లు. కింద సముద్రం, వెనక బ్లఫ్ కొండ, ఉత్తరాన వాళ్ళ అవ్వ కొట్టిన చెరుకు తోటలు. గాలికి కన్ను నీరు కారుతుంటే భుజానికి రాసుకుంటూ తీశాడు. జెట్టు కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపారు. చేతుల్లో కెమెరా ఉండి తిరిగి ఊపలేకపోయినందుకు ఆయనకి ఒకటే బాధ.

"మిస్టర్ కోలిన్ ఎప్పుడూ ఆగలేదు అమ్మా. నేను ఆగినా. అర సెకను. ప్రతిసారీ ఆగినా. లెక్కర్ వచ్చింది."

లెక్కర్ అంటే అక్కడి భాషలో భేషుగ్గా అని. ఆ పొద్దున్నే ఫిల్ము తానే కడిగాడు. ఫిల్ముని రీలుకి ఎక్కించేది కటిక చీకట్లోనే గనక ఆ పనికి కన్ను అక్కర్లేదు, వేళ్ళు చాలు. తడి ఫిల్ము మీద భూతద్దం ఆనించకూడదని, వెలుతురుకి ఎత్తిపట్టి చూసుకున్నాడు. ముప్ఫై ఆరు ఫోటోలూ పదునుగా, శుభ్రంగా ఉన్నాయి. సోమవారం ప్రింట్లు వేస్తానన్నాడు. బయట రోగులు విసుక్కుంటున్నా నేను ఆయనకి టీ తెప్పించి, ఇద్దరం కలిసి తాగాం. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఆ ఆసుపత్రిలో నేను మళ్ళీ చూడలేదు.

ఆదివారం పొద్దున మొహం కడుక్కుంటుంటే ఆయన కంటి ముందు నల్లటి దారాలు దిగాయి. సాయంత్రానికి పెగ్గీ మొహం కనపడలేదు.

విమానం ఎక్కడం వల్లే జరిగిందా అంటే చెప్పలేను. దగ్గితే జరుగుతుంది, నిద్రలో జరుగుతుంది, ఏమీ చేయకపోయినా జరుగుతుంది. మంగళవారం లేజర్ చేసి ఉంటే ఆగేదా అంటే అదీ చెప్పలేను. ఇలాంటప్పుడు వైద్యపుస్తకాలు డాక్టర్ని బాగానే కాపాడతాయి. నాకు మాత్రం అన్నం సయించేది కాదు. నెత్తురు తేరుకుంటుందేమోనని వారాల తరబడి చూశాం. తేరుకోలేదు. జొహాన్నెస్‌బర్గ్ పంపి ఆపరేషన్ చేయించాను. లోపల రెటీనా ఊడిపోయి ఉందని తేలింది. పెగ్గీ నన్ను పల్లెత్తు మాట అనలేదు. పాపా అనడం మానేసి డాక్టర్ అనేది, అంతే.

నవంబరులో ఆమె ఒక పెద్ద కవరు పట్టుకుని నా గదికి వచ్చింది. లోపల ఒక ఫోటో, ఒక ఉత్తరం. ప్రింట్లు రాజెన్ వేసి మేజర్‌కి పంపాడట. ఉత్తరం మేజర్ రాసిన జవాబు.

ఫోటో ఎంత అందంగా ఉందో చెప్పలేను. కింద సముద్రం, దూరంగా బ్లఫ్, వెలుగులో మెరుస్తున్న జెట్టు వీపు, చిక్కటి నీడలో మునిగిపోయిన పొట్ట. ముక్కు నుంచి తోక దాకా నున్నగా ఉంది. ఒక్క యాంటెనా కనపడటం లేదు. ముప్ఫై ఆరింటిలోనూ ఇంతేనని రాజెన్ చెప్పాడట. మేజర్ చాలా మర్యాదగా రాశాడు: చిత్రం అద్భుతంగా ఉంది, కానీ మా పుస్తకానికి కావలసినవి ఇందులో లేవు, కాబట్టి పాత పెట్టెల్లో దొరికిన నెగెటివ్ ఒకటి, టచింగ్ చేయకముందుది, వాడుకుంటున్నాం. ఆ ఫోటో కింద మళ్ళీ మిస్టర్ కోలిన్ పేరే ఉంటుంది.

నాకు ఆ శుక్రవారం ఆయనన్న మాట చెవిలో మోగింది. ప్రతిసారీ ఆగినా. యాంటెనాలు చూపించాలని ఆయన బుర్రకి తెలుసు. వేలికి తెలియదు. విమానం ఎప్పుడు శుభ్రంగా కనపడుతుందా అని ఇరవై ఎనిమిదేళ్ళు కాచుకున్న వేలు అది; పొట్ట నీడలోకి పోయేదాకా ఆగి, అప్పుడు నొక్కింది. తడి ఫిల్ములో ఆ నున్నటి పొట్టని చూసి, ఉన్న ఆ ఒక్క కన్నూ బాగుందనుకుంది. మనిషిని అలా తయారుచేసి, ఇప్పుడు మర్యాదగా ఉత్తరాలు రాస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియక ఉత్తరాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాను.

పెగ్గీ అప్పటికే ఆయనతో ఫోటో పుస్తకంలో వేశారని చెప్పేసిందట. ఇంకో ప్రింటు మీద ఆయన పేరు అచ్చు వేయించి, అద్దం కట్టించి, గోడకి పెట్టిందట. నా దగ్గరికి వచ్చిన పని వేరే.

"యాంటెనా లెక్కపెట్టు అంటాడు, ఎవరు వచ్చినా. నాకు అవి ఏవో తెలవదు అని చెప్పినా. నిన్ను అడుగుతాడు డాక్టర్. నువ్వు చెబితే నమ్ముతాడు."

బతిమాలలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. మొదటిసారి ఆమె అడిగింది నేను వినలేదు. రెండోసారి కాదనే మొహం నాకు లేదు.

డిసెంబరులో ఒక శనివారం గ్రీన్‌వుడ్ పార్క్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. లిచీ పళ్ళ కాలం. పెరట్లో శాంటెల్ పిల్లలు తొక్కలు విసురుకుంటూ అల్లరి చేస్తున్నారు. తండ్రికి చూపు పోయాక ఆమె పిల్లల్ని మళ్ళీ తీసుకురావడం మొదలుపెట్టింది. మోరిస్ ముందుగదిలో ఫోటో కిందే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అదే ఇస్త్రీ చొక్కా. నా అడుగుల చప్పుడు పోల్చుకుని లేచాడు. పెగ్గీ నన్ను కూర్చోబెట్టి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"లెక్కపెట్టు అమ్మా," అన్నాడు మోరిస్. "ముక్కు నుంచి పెట్టు."

నేను ఫోటో దగ్గరికి వెళ్ళాను. నిజంగా లెక్కపెడుతున్నట్టు వినపడాలని, పైకే ఒకటి, రెండు అంటూ, మధ్యలో ఆగుతూ, ఇది యాంటెనానేనా అని గొణుక్కుంటూ, చివరికి పదకొండు అన్నాను. బాగానే చేశాననుకున్నాను.

మోరిస్ మొహం గోడ వైపు తిప్పాడు.

"ఒక్క పక్క నుంచి తొమ్మిదే కనపడతాది అమ్మా. రెండు ఆ పక్క ఉంది. ఎవరు తీసినా తొమ్మిదే."

నా చెంపమీద మచ్చ తుడిచినవాడే నయం, నాకన్నా పని వచ్చు వాడికి.

"ఒకటీ లేదు కదా," అన్నాడు.

లేదు బాబాయీ అన్నాను. అన్నీ నీడలోకి పోయాయని చెప్పాను. ఆయన తలూపాడు. పుస్తకంలో నిజంగా వేశారా అని అడగలేదు; అదీ అర్థమయ్యే ఉంటుంది. చెయ్యి చాపి, గోడ తడుముకుంటూ అద్దాన్ని అందుకుని, విమానం పొట్ట ఉండే చోట వేలితో మెల్లగా రాశాడు. ఆ చోటు సరిగ్గా తెలుసు ఆయనకి. "నేను ఆగినా," అన్నాడు, ఇంకెవరికో చెబుతున్నట్టు. చూపు లేని ఆ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నేనూ ఏడ్చాను, వంటింట్లోకి వినపడకుండా.

వంటింట్లో కప్పుల చప్పుడైంది. ఆయన గబగబా చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"పెగ్గీకి చెప్పొద్దు అమ్మా. నాకు తెలవదు అనుకుంటాది. అట్లే ఉండనీ."

పెగ్గీ ట్రే పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగి ముందు నా మొహం చూసింది, తర్వాత ఆయన మొహం చూసింది. మోరిస్ గొంతు సవరించుకుని, పెరట్లోవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా, "డాక్టరమ్మ లెక్కపెట్టింది పెగ్గీ. పదకొండు," అన్నాడు.

పెగ్గీ అవునంది. టీ కప్పు ఆయన చేతికి అందించి, ఆయన వేళ్ళకి పట్టు దొరికేదాకా వదలకుండా అలాగే పట్టుకుని నిలబడింది.